లుడాల్ఫ్ వాన్ కోలెన్

లుడాల్ఫ్ వాన్ కోలెన్ (జనవరి 28, 1540 - డిసెంబరు 31, 1610) జర్మనీలో జన్మించి నెదర్లాండ్స్‌లో స్థిరపడిన గణిత శాస్త్రవేత్త. వృత్త పరిధికి, వ్యాసానికి గల నిష్పత్తిని 'పై' అంటారు. ఈ స్థిరాంకం విలువను ఆయన 35 దశాంశ స్థానాల వరకు చేతితోనే గణించాడు. అందుచేత జర్మనీలో 'పై'ని చాలాకాలం లుడాల్ఫ్ సంఖ్య అని వ్యవహరించేవారు.

జీవిత విశేషాలు

కోలెన్ హిల్డెస్‌హైమ్ పట్టణంలో జన్మించాడు. విశ్వవిద్యాలయ విద్య లేదు. డెల్ఫ్ట్ నగరంలో కత్తిసాము, గణితం నేర్పుతూ జీవించాడు. గ్రీకు భాష రానందున, వృత్తం గురించి ఆర్కిమెడిస్ రచించిన గ్రంథాన్ని ఆయన కోసం యాన్ డి గ్రూట్ డచ్చి భాషలోకి అనువదించాడు. కోలెన్ కృషికి ఆ గ్రంథమే దారి చూపింది. 1594లో లైడెన్ నగరానికి మారాడు. 1600లో అక్కడి ఇంజనీరింగు పాఠశాలలో అధ్యాపకుడుగా నియమితుడయ్యాడు.

'పై' గణన

వృత్తం లోపల ఒకటి, వెలుపల ఒకటి చొప్పున రెండు బహుభుజులను గీస్తే వృత్త పరిధి వాటి చుట్టుకొలతల మధ్య ఉంటుంది. భుజాల సంఖ్య పెరిగేకొద్దీ ఆ రెండు హద్దులు దగ్గరవుతాయి. ఆర్కిమెడిస్ 96 భుజాలతో ఆగాడు. కోలెన్ భుజాలను మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ వర్గమూలాలను కడుతూ సాగాడు. 1596లో ప్రచురించిన గ్రంథంలో 20 దశాంశ స్థానాలను ఇచ్చాడు. తరువాత 2ను 62 సార్లు హెచ్చవేస్తే వచ్చినన్ని భుజాలను తీసుకొని 35 స్థానాలకు చేరుకున్నాడు.

వృత్తానికి సమాన వైశాల్యం గల చతురస్రాన్ని కనుగొన్నామని, 'పై'కి కచ్చితమైన విలువ దొరికిందని ఆ కాలంలో పలువురు ప్రకటించేవారు. 1580లలో సైమన్ వాన్ డెర్ ఐక్ ప్రకటించిన అటువంటి విలువ తప్పని కోలెన్ నిరూపించాడు. తాను మాత్రం కచ్చితమైన విలువ అని చెప్పక, ఎప్పుడూ రెండు హద్దులనే చూపాడు.

మరణానంతరం

ఆయనను లైడెన్‌లోని పీటర్స్‌కెర్క్ చర్చిలో ఖననం చేశారు. సమాధి ఫలకంపై ఆ రెండు హద్దులనూ చెక్కారు. అవి 35వ అంకెలో మాత్రమే భేదిస్తాయి: ఒకదానిలో 8, మరొకదానిలో 9. ఆయన శిష్యుడు స్నెల్ 1621లో మెరుగైన పద్ధతితో, ఎంతో తక్కువ భుజాలతోనే 34 స్థానాలు సాధించి గురువు గణనను ధ్రువపరచాడు. 'పై'ని రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా రాయలేమని 18వ శతాబ్దంలో లాంబర్ట్ నిరూపించాడు. కాబట్టి ఆ అంకెలకు అంతం లేదు. కాలక్రమంలో అసలు ఫలకం కనిపించకుండా పోయింది. 2000లో అదే చర్చిలో కొత్త ఫలకాన్ని ప్రతిష్ఠించారు.