మూడోసారి పాసైన సుబ్బారావు

1985లో నేను మన బడిలో పదో తరగతి. మా నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో లేత్ మీద పనిచేసేవారు. జూన్‌లో బడి తెరవగానే సైన్స్ సార్ మా అందరి చేత తలా ఒక 40 పేజీల నోటుబుక్కు కొనిపించారు. ఈ ఏడాది ఏం నేర్చుకోవాలనుకుంటున్నామో మొదటి పేజీలో మమ్మల్నే రాసుకోమన్నారు. లెక్కల్లో నూటికి నూరు అని నేను పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. అర్ధ సంవత్సర పరీక్షలో 28 వచ్చాయి.

ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. సార్ చింపనివ్వలేదు. దాని కిందే తేదీ వేయించి మూడు వరుసలు రాయించారు: ఇన్నాళ్లలో నాకు ఏం వచ్చింది, ఏం రాలేదు, రేపటి నుంచి ఏం మారుస్తాను. మూడో వరుస రాయడానికి నాకు అరగంట పట్టింది. ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక సార్ నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పారు. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని మిత్రులు అడగగానే నాకు ఆ సాయంత్రమే గుర్తుకొచ్చింది. సార్ చెప్పినదానికి, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ఆ ఉద్యోగమూ త్వరగానే వదులుకున్నారు. ఇంట్లో డబ్బు లేదు. పిల్లవాడికి చదువు మీద మనసు లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బాగా సంపాదించవచ్చని పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి పారిపోయారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆయన తనకు తాను పెట్టుకున్న మొదటి లక్ష్యం అదే!

తల్లి వెంకమ్మ గారు నగలమ్మి చదివించారు. అయినా మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరాక, మూడో ప్రయత్నంలో పాసయ్యారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. పదిమందికి సేవ చేయడమే కోరికైతే దానికి వైద్యం కూడా ఒక దారే కదా అని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. కోరిక అదే. దాన్ని తీర్చుకునే చోటు మారింది.

అక్కడా దారి సాఫీగా సాగలేదు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు తొడుక్కున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి క్షీణించిపోతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఈ జబ్బుకు మందేమిటన్న ప్రశ్న ఆ తర్వాత ఆయన్ను వదల్లేదు. ఇది ఎవరో ఇచ్చిన లక్ష్యం కాదు, ఇంటి లోపలి నుంచి పుట్టింది.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో 1920ల మొదట్లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. వైద్యుడై ఉండి ఆ పని చేయడానికి వెనుకాడలేదు.

తర్వాత బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. అప్పగించిన పని రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలవడం. స్ప్రూకీ దీనికీ సంబంధం కనిపించదు. కానీ కొలవడం రాకుండా ముందుకు పోలేమని ఆయనకు అర్థమైంది. నమూనాకు మాలిబ్డేట్ కలిపి తగిన రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరు బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఇప్పటికీ పరిచయమే. ఆ కొలతే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో పట్టిచ్చింది. మన ఒంట్లో ప్రతి కణమూ శక్తి కోసం వాడుకునే పదార్థం ఏటీపీ.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీకి మారి, అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించారు. కాలేయంలో దాగివున్న, రక్తహీనతను తగ్గించే పదార్థాన్ని పట్టుకోవాలని ఎంతో కాలంగా ఆయన పట్టుదల. ఆ వెతుకులాటలోనే ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ప్రాణాంతకమైన పెర్నిషస్ ఎనీమియాకు అది పూర్తి మందు కాలేదు. దానికి కావలసిన బి12 విటమిన్‌ను 1948లో వేరేవాళ్లు వేరుచేశారు. కానీ ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు పనిచేసింది. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు సమాధానం అలా దొరికింది.

తర్వాతి మలుపు ఇంకా విచిత్రం. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం లాంటి పదార్థాలిచ్చి చూస్తే జబ్బు ముదిరింది. అయితే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే జబ్బు తగ్గుతుందేమో అని ఆలోచన తిరగబడింది. సుబ్బారావు గారి బృందం అలాంటి మందులు చేసి పంపింది. 1948 నాటికి కొందరు పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం దొరికింది. క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. బోదకాలు నివారణకు మన జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా 1947లో ఆ ప్రయోగశాలలోనే బయటపడింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన పోయారు. మళ్లీ ఇండియాకు రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. లక్ష్యాల గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మాట కూడా దాచకూడదనుకుంటాను.

పరీక్షలో ఎన్నిసార్లు తప్పినా పట్టు వదలకూడదు అని ఈ కథకు నీతి చెప్పుకోవచ్చు. సార్ అలా చెప్పలేదు. ప్రశ్నను పట్టుకోవాలి, ఫలితం చూసి తర్వాతి అడుగు మార్చుకోవాలి అన్నది ఆయన భావం. నా నోటుబుక్కులో నూటికి నూరు పోయి, రోజుకు రెండు త్రికోణమితి లెక్కలు వచ్చింది. శనివారం సార్‌కు చూపించాలి. రెండు వారాల తర్వాత అదీ మారింది. నాకు అసలు రానిది అంతకు ముందు ఏడాది బీజగణితమని తేలింది. మార్చిలో 61 వచ్చాయి. అప్పట్లో సైకిల్ మీద హబ్సిగూడ వైపు వెళ్తుంటే ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ కొత్త భవనాలు లేస్తూ కనిపించేవి. అందులో పనిచేసేవాళ్లకు కూడా మొదటిసారే అన్నీ వచ్చి ఉండవని ధైర్యం చెప్పుకునేవాణ్ని.

ఇంత తెలిసీ నా కొడుకు విషయంలో తప్పు చేశాను. వాడి మొదటి పేజీ నేనే రాశాను: ఐఐటీ. రెండేళ్లు వాడు నా లక్ష్యం మోశాడు. ర్యాంకు రాని రోజు వాడు ఏడవలేదు, ఊపిరి పీల్చుకున్నాడు. అది చూసి నేను ఏడ్చాను. వాడు ఇప్పుడు తనకిష్టమైన డిజైన్ చదువుతున్నాడు.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘం తరఫున శనివారాలు బడికి వెళ్తున్నప్పుడు పెద్దయ్యాక ఏమవుతావని పిల్లలను అడగడం మానేశాను. పోయిన నెల పదో తరగతి అమ్మాయి ఒకతె డాక్టరవుతానని చెబుతూ, 20కి 9 వచ్చిన ఫిజిక్స్ స్లిప్ టెస్ట్ పేపరు వెనక దాచుకుంది. ఇద్దరం ఆ పేపరు ముందేసుకుని కూర్చున్నాం. సమాంతర సంధానంలో నిరోధాలు కలపడం ఒక్కటే రావడం లేదని తనే కనిపెట్టింది. ఈ వారం అదే నేర్చుకుంటానని తనే రాసుకుంది. నేను తేదీ మాత్రం వేశాను.

గురువులకు, మిత్రులకు నా మనవి ఒక్కటే. స్వర్ణోత్సవ కానుకల్లో ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక 40 పేజీల నోటుబుక్కు కూడా చేర్చండి. మొదటి పేజీ మాత్రం మనం నింపొద్దు.