ఐసీయూలో అలారం దేన్ని చూసి మోగాలి? ‘క్లోరోఫాం’ లారీ కథ

సికింద్రాబాద్‌లో ఏ పెద్దాస్పత్రి ఐసీయూలోకి వెళ్లినా ముందు వినిపించేది మానిటర్ల బీప్ శబ్దమే. మీవాళ్ల మంచం పక్కన అలారం మోగితే చాలు, కంగారు మొదలవుతుంది. అసలు రోగి ప్రమాదంలో ఉన్నారని ముందుగా చెప్పేది ఏది.. ఊపిరా, గుండా? మానిటర్లు లేని రోజుల్లోనే దీని మీద మన జంట నగరాల్లో పెద్ద పరిశోధన జరిగింది. చేయించింది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

ఎవరీ లారీ?

ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యుడు. 1885లో హైదరాబాద్ వచ్చి రెసిడెన్సీ సర్జన్ అయ్యారు. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన మెడికల్ స్కూల్‌నూ నడిపారు. అప్పట్లో ఆపరేషన్‌కు మత్తు అంటే క్లోరోఫామే. అది వికటించి కొందరు బల్ల మీదే చనిపోయేవారు. లండన్ డాక్టర్లు నాడి చూడమనేవారు. లారీ మాత్రం గురువు చెప్పినట్టు ఊపిరినే గమనించమనేవారు.

ఏం తేలింది?

1888లో ఆయన కమిషన్ వేసి ప్రయోగాలు చేయించారు. ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చారు. 1889లో లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువులపై పరీక్షించాక, ముందు ఆగేది ఊపిరే అని కమిషన్ తేల్చింది. లారీ వద్ద చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ తొలి మహిళా మత్తు డాక్టర్‌గా పేరు పొందారు.

అయితే 1911లో ఎ.జి. లెవీ మరో నిజం బయటపెట్టారు. తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. 1915లో కన్నుమూసిన లారీ చెప్పింది సగమే నిజమన్నమాట. ఒక్క గుర్తునే నమ్ముకుంటే రెండోది చేజారుతుంది.

ఇప్పుడు మీకేంటి?

నేటి మానిటర్ గుండె, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ అన్నీ చూస్తుంది. ఇక్కడే కొత్త చిక్కు. వేలికున్న క్లిప్పు జారినా, రోగి కదిలినా అలారం మోగుతుంది. ఉత్తుత్తి మోతలు ఎక్కువైతే అసలైనదాన్నీ సిబ్బంది పట్టించుకోని ప్రమాదముంది. అందుకే అలారం హద్దులను రోగిని బట్టి పెట్టాలి.

అలారం మోగితే మీరు దాన్ని ఆపకండి. వెంటనే నర్సును పిలవండి. క్లిప్పు జారి ఉంటుందిలే అనుకుని ఊరుకోకండి. మోత లేకపోయినా ఊపిరి తీరు మారితే చెప్పండి. యంత్రంతో పాటు మనిషినీ చూడాలి.