దానం వేరు, లెక్క వేరు

ప్రపంచంలో రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలు ఒకే మనిషి సొమ్ముతో లేచాయి. ఆయన అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ. అయితే ఆయన గ్రంథాలయం మాకు వద్దన్న ఊళ్లూ ఉన్నాయి.

కార్నెగీ 1835లో స్కాట్లండులో చేనేత ఇంట పుట్టారు. ఆవిరి మగ్గాలు వచ్చాక తండ్రి మగ్గం మూలపడింది. 1848లో ఆ కుటుంబం పొట్ట చేతబట్టుకొని అమెరికా చేరింది. పసివాడు నూలు మిల్లులో రోజుకు 12 గంటలు పనిచేశాడు. వారానికి కూలి డాలరు ఇరవై సెంట్లు. ఆ ఊళ్లో కర్నల్ ఆండర్సన్ అనే పెద్దమనిషి పనిపిల్లలకు శనివారాల్లో తన పుస్తకాలు ఇచ్చేవారు. ఆ మేలును కార్నెగీ జీవితాంతం మరువలేదు.

తంతి కార్యాలయంలో, ఆపై రైల్వేలో ఉద్యోగాలు చేసి, చివరకు ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించారు. ధనికుడు తన సంపదను బతికుండగానే లోకానికి పంచాలని 1889లో రాశారు.

మూడేళ్లకే, 1892లో, హోమ్‌స్టెడ్‌లోని ఆయన కర్మాగారంలో కూలి రేట్లపై తగాదా వచ్చింది. యాజమాన్యం గేట్లు మూసి, సుమారు 300 మంది ప్రైవేటు సాయుధులను పడవల్లో రప్పించింది. జూలై 6న జరిగిన కాల్పుల్లో ఇరువైపులా కనీసం పదిమంది చనిపోయారు. తరువాత ప్రభుత్వ సేనలు దిగాయి. కార్మిక సంఘం కూలిపోయింది. ఆ రోజుల్లో కార్నెగీ స్కాట్లండులో ఉన్నారు. కానీ సంఘాన్ని లొంగదీయాలన్న తన మేనేజరు ఫ్రిక్‌ను సమర్థించారు.

1898లో హోమ్‌స్టెడ్ కార్మికుల కోసం ఆయన చక్కని గ్రంథాలయం తెరిపించారు. రోజుకు 12 గంటలు కొలిమి దగ్గర మాడినవాడికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిది?

వీలింగ్ పట్టణ కార్మికులు ఆ సంగతి మరువలేదు. 1904లో కార్నెగీ విరాళం ప్రతిపాదన ఓటింగుకు రాగా వారు ఎదురు నిలిచారు. ప్రతిపాదన వీగిపోయింది. తరువాత ఆ ఊరు తన సొంత సొమ్ముతో గ్రంథాలయం కట్టుకుంది.

కార్నెగీ 1901లో కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేశారు. 1919లో కన్నుమూసే నాటికి సుమారు 35 కోట్లు దానమిచ్చారు. ఆ పుస్తకాలతో బాగుపడినవారు లక్షలాది మంది. అది అబద్ధం కాదు. హోమ్‌స్టెడ్ చావులూ అబద్ధం కావు.

ఈనాటికీ ఊరికి బడి కట్టించిన కంపెనీని కూలి సంగతి, చెరువు నీటి సంగతి అడగడానికి జనం మొహమాటపడతారు. బడి కట్టించినందుకు దండం పెట్టవలసిందే. కూలికీ నీటికీ లెక్క చెప్పమని అడగవలసిందే.