బరాత్‌లో నాగిని ట్యూన్.. అసలు మోగింది నాగస్వరం కాదు, కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్!

ఖమ్మం టౌన్ అయినా, భద్రాచలం అడవి అంచున ఉన్న పల్లె అయినా.. పెళ్లి బరాత్ అంటే నాగిని ట్యూన్ పడాల్సిందే. ఒకరు కర్చీఫ్ నోట్లో పెట్టుకుని పాములోడు అయిపోతారు, ఇంకొకరు చేతులు పడగలా పెట్టి రోడ్డు మీదే పాము అయిపోతారు. అయితే ఈ ట్యూన్‌ని దేశమంతా పాకించిన 1954 నాటి హిందీ సినిమా ‘నాగిన్’లో వినిపించేది పాములోళ్ల నాగస్వరం కాదు. కరెంటుతో పనిచేసే ఓ చిన్న కీబోర్డు. పేరు క్లావియోలిన్. వాయించింది కల్యాణ్‌జీ వీర్జీ షా.

కిరాణా కొట్టు నుంచి..

కల్యాణ్‌జీ 1928 జూన్ 30న గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో, కుంద్రోడి అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ముంబై వచ్చి కిరాణా కొట్టు పెట్టారు. సరుకుల బాకీ కట్టలేని ఓ కస్టమర్, డబ్బుకు బదులు పిల్లలకు సంగీతం నేర్పారని చెబుతారు. అలా మొదలైంది ఆయన ప్రయాణం.

ఏంటీ క్లావియోలిన్?

1947లో ఫ్రాన్స్‌కు చెందిన కాన్‌స్టంట్ మార్టిన్ దీన్ని తయారు చేశారు. పాతకాలం రేడియోల్లో ఉండే వాల్వులే దీని గుండెకాయ. ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది. సౌండ్ పెంచాలన్నా, తగ్గించాలన్నా మోకాలితో ఓ మీటను నెట్టాలి. స్వరాన్ని ఊగించడానికి వేరే స్విచ్‌లు ఉంటాయి. ఆ ఊపు, ముక్కుతో పలికినట్టుండే ఆ సన్నని మోత.. రెండూ కలిపి కల్యాణ్‌జీ పామునే ఆడించారు.

‘నాగిన్’కి హేమంత్ కుమార్ సంగీత దర్శకుడు. ఆయన దగ్గర పనిచేస్తున్న రవి హార్మోనియం అందుకున్నారు. సినిమా సూపర్ హిట్. ఫిల్మ్‌ఫేర్ అవార్డు హేమంత్ కుమార్‌కి దక్కింది. విన్న జనం మాత్రం అది నిజమైన నాగస్వరమే అనుకున్నారు. ఇంగ్లండ్‌లో ఇదే వాద్యంతో ‘టెల్‌స్టార్’ హిట్ కొట్టింది 1962లో. బీటిల్స్ దీన్ని ముట్టుకుంది 1967లో. అంటే మన ‘నాగిన్’ వాళ్లకంటే ఎన్నో ఏళ్లు ముందు!

సొంత పేరు

1958లో ‘సామ్రాట్ చంద్రగుప్త్’తో కల్యాణ్‌జీ సంగీత దర్శకుడయ్యారు. తమ్ముడు ఆనంద్‌జీతో జోడీ కట్టారు. ‘సరస్వతీచంద్ర’కు జాతీయ అవార్డు వచ్చింది. ‘జంజీర్’, ‘డాన్’ కూడా వీళ్లవే. ఆ రెండు కథలే తెలుగులో ఎన్టీఆర్ ‘నిప్పులాంటి మనిషి’, ‘యుగంధర్’ అయ్యాయి. కాకపోతే ఇక్కడ సంగీతం వేరేవాళ్లది. 1992లో అన్నదమ్ములకు పద్మశ్రీ వచ్చింది.

2000 ఆగస్టు 24న కల్యాణ్‌జీ కన్నుమూశారు. అప్పటికే సింథసైజర్లు వచ్చి క్లావియోలిన్‌ని జనం మర్చిపోయారు. పేరు తెలియకపోయినా మోత మాత్రం పోలేదు. ఈసారి బరాత్‌లో ఆ ట్యూన్ వినిపిస్తే, కర్చీఫ్ తీసే ముందు ఆ కిరాణా కొట్టు కుర్రాడిని ఒక్కసారి తలుచుకోండి.