ముంగిట్లోకి వచ్చిన బడి: తారాబాయి మోదక్ జీవితం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తారాబాయి మోదక్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• చిన్నపిల్లలు ఆటల ద్వారా, చేతులతో పనులు చేయడం ద్వారా ఎలా నేర్చుకుంటారో వివరించగలుగుతారు.
• చుట్టుపక్కల దొరికే వస్తువులతో పిల్లల చేత ఆటలు ఆడించగలుగుతారు.

1. పరిచయం

మీలో కొందరు చిన్నప్పుడే బడి మానేసి ఉంటారు. ఎందుకు మానేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. కొందరు పశువులు కాయడానికి వెళ్లి ఉంటారు. కొందరు ఆడపిల్లలు, తల్లి పనికి వెళ్తే చంటి తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకొని ఇంటిపట్టున ఉండిపోయి ఉంటారు. చంటిబిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు దొరకక పెద్దపిల్ల చదువు ఆగిపోతుంది.

భిలాయి సంగతి చూడండి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారం కట్టారు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పని ప్రారంభించింది. అప్పుడది మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. పని వెతుక్కుంటూ ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. సొంత ఊళ్లో అయితే పిల్లల్ని కనిపెట్టుకొని ఉండటానికి అమ్మమ్మో నాయనమ్మో ఉంటుంది. పరాయిచోట తండ్రి షిఫ్టుకు, తల్లి కూలికి వెళ్తే పసిపిల్లలను చూసేదెవరు? వాళ్లకు ఆటపాటలు నేర్పేదెవరు?

భిలాయిలో కర్మాగారం రాకముందే, దేశంలో మరోచోట ఈ ప్రశ్నకు జవాబు వెతికిన స్త్రీ తారాబాయి మోదక్. ఆమె జీవితం గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. చదువు, తొలి ఉద్యోగం

తారాబాయి 1892లో బొంబాయిలో జన్మించారు. తల్లిదండ్రులు సంఘ సంస్కరణను కోరేవారు. ఆడపిల్లలకు అక్షరాలు నేర్పడమే అరుదైన ఆ రోజుల్లో ఆమె 1914లో డిగ్రీ పూర్తి చేశారు. పెళ్లి చేసుకొని అమరావతికి వెళ్లారు. ఆ సంసారం నిలవలేదు. 1921లో ఆమె భర్త నుంచి విడిపోయారు. ఆ కాలంలో అలా విడిపోయిన స్త్రీని లోకం తేలికగా చూసేది. ఆమె కుంగిపోలేదు. ఉద్యోగం చూసుకొని, రాజ్‌కోట్‌లో మహిళా కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు.

3. గిజుభాయితో పరిచయం

గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే న్యాయవాది వకీలు పని వదిలి, 1920లో చిన్నపిల్లల కోసం బాలమందిరం ప్రారంభించారు. అక్కడ బెత్తం లేదు, బట్టీ పట్టడం లేదు. పిల్లలు కథలు వినేవారు, పాటలు పాడేవారు, తమ చేతులతో పనులు చేసేవారు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని పేదల పేటలో ఇటువంటి బడి తెరిచారు. చిన్నపిల్లలు వినడంకన్నా పట్టుకొని, కదిపి, పోల్చి చూడటం ద్వారా బాగా నేర్చుకుంటారని ఆమె గ్రహించారు. గిజుభాయికి దారి చూపింది ఆ ఆలోచనే.

తారాబాయి మంచి ఉద్యోగాన్ని వదిలి 1923లో గిజుభాయితో చేరారు. 1926లో వారు నూతన బాల శిక్షణ సంఘాన్ని స్థాపించారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తల్లిదండ్రుల కోసం పత్రిక నడిపారు. తరువాత తారాబాయి బొంబాయి వచ్చి, 1936లో దాదర్‌లో శిశువిహార్ ప్రారంభించారు.

4. పల్లెకు ప్రయాణం

పట్నంలో ఆమెకు మంచి పేరు వచ్చింది. కాని ఒక విషయం ఆమెను బాధించింది. మాంటిస్సోరి బడికి కావలసిన సామగ్రి ఖరీదైనది. అందువల్ల అటువంటి బడి కలవారి పిల్లలకే అందుతోంది. అసలు అవసరమైన పేదపిల్లలకు అందడం లేదు.

1945లో, 53 ఏళ్ల వయసులో, ఆమె బొంబాయి వదిలి సముద్రతీరాన ఉన్న బోర్డీ గ్రామానికి వెళ్లారు. అక్కడ గ్రామ బాల శిక్షా కేంద్రం ప్రారంభించారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడుగా నిలిచారు. అనుతాయి బాల్యంలోనే వితంతువు అయి, తరువాత పట్టుదలతో చదువుకున్న స్త్రీ.

బాలవాడి తెరిచారు. కాని దళితవాడ పిల్లలు రాలేదు. తప్పు పిల్లలదని తారాబాయి అనుకోలేదు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరకు వెళ్లాలని నిర్ణయించారు. వాడలోకి వెళ్లి ఇళ్ల ముందరి ముంగిట్లోనే బడి పెట్టారు. మొదట పిల్లలకు స్నానం చేయించి శుభ్రపరిచేవారు. తరువాత పాటలు, కథలు, ఆటలు సాగేవి. మరాఠీలో ముంగిలిని అంగణ్ అంటారు. అందుకే ఆ బడికి అంగన్‌వాడీ అన్న పేరు వచ్చింది.

ఖరీదైన సామగ్రికి బదులుగా గులకరాళ్లు, గవ్వలు, ఆకులు, పువ్వులు, గింజలు, పుల్లలు వాడారు. ఖర్చు తగ్గింది. పిల్లలకు తెలిసిన వస్తువులే కాబట్టి బెరుకూ పోయింది.

5. కోస్‌బాడ్ కొండ మీద

1957లో కేంద్రాన్ని వార్లీ గిరిజనులు నివసించే కోస్‌బాడ్‌కు మార్చారు. అక్కడ పెద్దపిల్లలు చంటిపిల్లలను ఎత్తుకొని తిరుగుతూ బడికి రాలేకపోయేవారు. తారాబాయి శిశుగృహాన్ని, బాలవాడిని, ప్రాథమిక పాఠశాలను ఒకేచోట పెట్టారు. దానికి వికాసవాడి అని పేరు. అక్క తమ్ముణ్ణి వెంట తెచ్చి శిశుగృహంలో వదిలి, తాను పక్కగదిలో చదువుకొనేది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయలులోనే బడి నడిపారు.

1962లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది. 1973లో ఆమె మరణించారు. రెండేళ్ల తరువాత, 1975 అక్టోబరు 2న, ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకం కేంద్రాలకు పెట్టిన పేరు అంగన్‌వాడీయే.

6. మీరూ చేసి చూడండి

తారాబాయి పద్ధతిలో మీ ముంగిట్లో కూడా ఆటలు ఆడించవచ్చు.

(అ) వేరుచేయడం: చింతగింజలు, సీతాఫలం గింజలు, చిక్కుడు గింజలు కలిపి ఇవ్వండి. పిల్లలు రంగును బట్టి, పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. లెక్కలకు ఇది పునాది. మూడేళ్లలోపు పిల్లలకు గింజలు ఇవ్వకండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడవచ్చు. పెద్దపిల్లలు ఆడుతున్నప్పుడు కూడా దగ్గరే ఉండండి.

(ఆ) మునిగేది, తేలేది: పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోయండి. ఆకు, పుల్ల, గులకరాయి, ఇనుప బోల్టు ఇవ్వండి. ఏది మునుగుతుందో ముందు చెప్పమనండి, తరువాత వేసి చూడమనండి. ఆట అయిన వెంటనే నీళ్లు పారబోయండి.

(ఇ) మట్టి బొమ్మలు: మనం పోలాల అమావాస్య జరుపుకొనే రోజునే ఛత్తీస్‌గఢ్‌లో పోలా పండుగ చేస్తారు. పిల్లలు మట్టి ఎడ్లతో, మట్టి వంటపాత్రలతో ఆడుకుంటారు. తడిమట్టి ఇచ్చి వాటిని పిల్లల చేతనే చేయించండి. మట్టి పిసికిన వేళ్లు బలపడి, రేపు బలపాన్ని చక్కగా పట్టుకుంటాయి. భిలాయిలోని తెలుగు పిల్లవాడు, ఛత్తీస్‌గఢీ పిల్లవాడు కలిసి ఆడితే ఒకరి మాటలు ఒకరికి వస్తాయి.

ఆట మధ్యలో పిల్లవాడు తప్పు చేస్తే వెంటనే సరిదిద్దకండి. తానే చూసి సరిచేసుకొనే వ్యవధి ఇవ్వండి.

7. సారాంశం

పిల్లలు బడికి రాకపోతే వారిని నిందించక, కారణం వెతికి బడినే మార్చారు తారాబాయి. ముంగిలి, పచ్చికబయలు, శిశుగృహం అలా బడులయ్యాయి. మీరు ఈ పుస్తకాన్ని ఇంటి దగ్గర ఉండి, పని చేసుకుంటూ, మీకు వీలైన వేళ చదువుతున్నారు. చదువే మీ దగ్గరకు వచ్చింది. ఆమె నమ్మిందీ ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తారాబాయి బొంబాయి వదిలి బోర్డీకి ఎందుకు వెళ్లారు?
2. అంగన్‌వాడీ అన్న పేరు ఎలా వచ్చింది?
3. వికాసవాడి వల్ల పెద్దపిల్లలకు కలిగిన మేలు ఏమిటి?
4. మీ ఇంట్లో దొరికే మూడు వస్తువులతో ఒక ఆట తయారుచేసి, నాలుగేళ్ల పిల్లల చేత ఆడించండి. మీరు గమనించింది ఐదు వాక్యాలలో రాయండి.