నీటి బలము నెరిగిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

తెలుగు మాధ్యమమున చదువు మన బాలబాలికలకు భౌతికశాస్త్రపు లెక్కలు లొంగునా యని తల్లిదండ్రులు కొందఱు శంకించుచున్నారు. వారి కొఱకు మేము శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చరిత్రమును ఇచ్చట స్మరించుచున్నాము. తెలుగు పంతుళ్ళకు బలములతో, శక్తితో పని యేమని విద్యార్థులు నవ్వకుందురుగాక!

వీరి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. 1860 ప్రాంతమున ముద్దేనహళ్ళిలో వీరు జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించెను. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుచు, ఇతరుల బిడ్డలకు పాఠములు చెప్పి జీవనము గడపిరి. 1881లో పట్టభద్రులై, పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. వీరి ఉన్నతవిద్య ఆంగ్లమున సాగినదను సంగతి మేము దాచము. ఇంటి తెలుగు మాత్రము ఆ విద్యకు అడ్డు రాలేదు.

పూనా చేరువనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో వీరు తమంతట తెఱచుకొను తలుపులను అమర్చిరి. కట్టను పెంచకయే హెచ్చు నీటిని నిలుపుటకే ఈ యేర్పాటు. తలుపు బరువునకు సరిగా మఱియొక బరువు కట్టబడియుండును. మన గాంధీ గంజ్‌లో ధాన్యము తూచు త్రాసును చూచినవారికి ఇది విప్పి చెప్ప నక్కఱలేదు. నీరు హద్దు మీఱగానే ఆ మిగులు నీరే తూకమును తప్పించి తలుపు తెఱపించును. మట్టము తగ్గగానే తలుపు మూతపడును.

ఒక లెక్క వేయుదము. తలుపు వెడల్పు 1 మీటరు, దానిని తాకు నీటి లోతు 2 మీటర్లు. నీటి త్రోపుడెంత? ప్రశ్న పూర్తిగా చదువకయే సూత్రమును తడవుట మన పిల్లల అలవాటు. మేము శిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమందును ఇదే తంతు! మొదట బొమ్మ గీయుడు. గాలి రెండు వైపుల సమానముగా నొత్తును గనుక దానిని విడువుడు. నీటిపైభాగమున పీడనము సున్న, అడుగున చదరపు మీటరునకు 19,600 న్యూటన్లు, సగటు 9,800. వైశాల్యము 2 చదరపు మీటర్లు గావున త్రోపుడు 19,600 న్యూటన్లు, అనగా సుమారు 20 క్వింటాళ్ళ బరువు. క్వింటాలు బస్తాలు ఇరువది ఆ చిన్న తలుపుపై మోపినట్లు! అడుగు పీడనముతోనే గుణించినవానికి నలుబది బస్తాలు వచ్చును.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదున వేలకొలది ప్రాణములను బలిగొనెను. మన బీదరు అప్పుడు ఆ రాజ్యములోనిదే. నిజాము ప్రభుత్వము పిలువగా విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరమున గోడలు మాత్రమే చాలవనియు, ఎగువనే నీటిని ఆపవలయుననియు తేల్చిరి. తరువాత మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను సిద్ధమయ్యెను.

మైసూరున వీరు తలపెట్టిన కృష్ణరాజసాగరము 1911లో ఆరంభమయ్యెను. శివనసముద్రము నుండి 1902 మొదలు కోలారు గనులకు విద్యుత్తు పోవుచుండెను గాని, వేసవిలో కావేరి సన్నగిల్లినచో యంత్రములకు నీరు చాలదు. 1,000 కిలోల నీరు 100 మీటర్లు దిగినచో 9,80,000 జౌల్‌ల శక్తి. నీరే లేనిచో ఎత్తు ఎంతయున్న నేమి? వానకాలపు నీటిని వేసవికి దాచుటయే ఆ సాగరపు పని.

1912 నుండి 1918 వఱకు దివానుగా నుండిన వీరికి 1955లో భారతరత్న లభించెను. నూరేండ్లు నిండిన పిమ్మట 1962లో కన్నుమూసిరి. వీరి జన్మదినమైన సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవము. ఆ నాటికి విద్యార్థులు పై లెక్కనే 3 మీటర్ల లోతునకు చేసి మాకు చూపవలెను. 30 బస్తాలు వచ్చినవారు బొమ్మ మరల గీయుడు.