డాక్టరు ఎడ్వర్డు లారీగారి చరిత్రము

రోగి మంచముకడ కూర్చున్నవారు మొదట కనిపెట్టవలసినది ఊపిరియా, నాడియా? ఈ ప్రశ్న వేసినచో, నర్సుపని నేర్చుకొను బాలిక యెవరైనను రెండును చూడవలెనని వెంటనే చెప్పును. కాని పందొమ్మిదవ శతాబ్దమున ఈ యొక్క ప్రశ్నమీదనే లోకములోని గొప్ప వైద్యులు రెండు పక్షములై వాదించిరి. ఆ వాదము తీర్చుటకై పేరుపొందిన పరీక్షలు జరిగిన స్థలము మన వరంగల్లును అప్పుడు పాలించుచుండిన నిజాముగారి రాజధానియగు హైదరాబాదు. వానిని నడిపించిన లారీగారి చరిత్రమును మన విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

లారీగారు 1846వ సంవత్సరమున జన్మించిరి. ఎడింబరో నగరమున వైద్యము నభ్యసించి, ప్రఖ్యాత శస్త్రవైద్యులగు జేమ్సు సైముగారికి శిష్యులైరి. అంతకు కొలదికాలము ముందువరకు శస్త్రచికిత్స యనిన రోగులు గడగడ వణకెడివారు. నలుగురు బలవంతులు రోగిని పట్టుకొనియుండగా వైద్యుడు కత్తి వేయవలసి వచ్చుచుండెను. 1847లో ఎడింబరోలోనే సింప్సనుగారు క్లోరోఫారము అను మత్తుమందును వాడుకలోనికి తెచ్చిరి. దానిని పీల్చిన రోగికి బాధ తెలియదు. లోకమంతయు సంతోషించెను. కాని 1848 జనవరిలో ఇంగ్లండున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకై ఈ మందు పీల్చి, కొలది నిమిషములలో మృతినొందెను. తరువాత నట్టి మరణములు మరికొన్ని కలిగెను.

కారణమేమి? మందు గుండెను నిలిపివేయునని లండనులోని జాన్ స్నోగారు మొదలగువారు తలంచిరి. గుండెకు భయము లేదు, ఊపిరి సాగుచున్నంతవరకు రోగి క్షేమమే, కావున ఊపిరినే కనిపెట్టవలెనని సైముగారి బోధ. గురువు బోధ శిష్యుని హృదయములో నాటుకొనెను.

లారీగారు ఇండియా వైద్యశాఖలో ఉద్యోగము స్వీకరించి, 1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ వైద్యులుగా వచ్చి, అచ్చటి వైద్యపాఠశాలకు అధిపతియైరి. ఆ సంవత్సరముననే స్త్రీలను పాఠశాలలో చేర్చుకొనిరి. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీగారు మత్తుమందు నిచ్చు విద్యలో నిపుణురాలై, ఆ పని చేసిన లోకములోని తొలి స్త్రీవైద్యులలో నొకరైరి. మత్తులోనున్న రోగి నాలుక వెనుకకు జారి గొంతు మూసికొనకుండ దవడ నెత్తిపట్టుట, రొమ్ము లేచిపడుటను క్షణమైనను విడువక చూచుట, ఊపిరి తడబడినంతనే మందు తీసివేయుట: ఇవియే లారీగారు శిష్యులకు ముఖ్యముగా నేర్పినవి.

1888లో వారు ఒక సంఘము నేర్పరచి, కుక్కలపై పరీక్షలు జరిపించి, మందు ఎక్కువైనప్పుడు ముందు ఊపిరియే నిలుచునని ప్రకటించిరి. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌గారు వేయి పౌనులిచ్చి, ఆ పత్రికవారు ఎన్నుకొనిన పండితుని పంపుమని కోరిరి. 1889లో లాడర్ బ్రంటనుగారు వచ్చిరి. గుండెకే అపాయమని నమ్మివచ్చిన ఆయనయు, నాలుగు వందలకు పైగా జంతువులపై జరిగిన పరీక్షలను చూచి లారీగారి పక్షమున చేరిరి. లారీగారి కీర్తి దేశదేశముల వ్యాపించెను. అన్ని మూగజీవుల ప్రాణములు పోయెనను సంగతి మాత్రము మనము మరువరాదు.

అయితే కథ అంతటితో ముగియలేదు. 1893లో గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు మందు గుండెనుకూడ నేరుగా బలహీనపరచునని చూపిరి. లారీగారు తమ మాట విడువలేదు. 1901లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు పోయిన తరువాతను ఆ నమ్మకముతోనే యుండిరి. 1911లో గుడ్‌మన్ లెవీగారు పిల్లులపై పరీక్షించి అసలు గుట్టు బయలుపెట్టిరి. మందు కొద్దిగానే పీల్చి, మత్తు పూర్తిగా ఎక్కకముందు, భయముచేతనో నొప్పిచేతనో దేహములో ఎడ్రినలిన్ అను ద్రవము ఉప్పొంగినచో, గుండె కండరములు క్రమము తప్పి ఊరక వణకును. రక్తము ముందునకు సాగదు. గోరు తీయించుకొన వచ్చిన బాలిక మరణమునకు ఇదియే కారణమై యుండునని పలువురు తలంచిరి. 1915లో లారీగారు కాలధర్మము నొందిరి.

లారీగారు అసత్యము చెప్పలేదు. వారు చూచినది నిజమే. కాని అది సగము నిజము. ఊపిరిని కాయుమను వారి బోధవలన ఎందరో బ్రదికిరి. నాడిని చూడనక్కరలేదను మాట మాత్రము అపాయకరమైనది. వేయి పరీక్షలు చేసినవాడైనను, తాను పరీక్షింపనిది ఒకటి మిగిలియుండునని తలంపవలెను.

నేడు మన వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలవంటి చోట్ల, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన రోగులను కాచు నర్సులు రెండు పక్షములవారి బోధయు పాటించుచున్నారు. రోగి రొమ్ముపై అంటించిన తీగెలు గుండెనడకను తెరపై చూపును. వ్రేలికి తగిలించిన చిన్న పరికరము రక్తములోని ప్రాణవాయువును కొలుచును. గుండె వణకినచో విద్యుత్తుతో దానిని దారికి తెచ్చు యంత్రము ప్రక్కనే యుండును. అయినను యంత్రము చూచినంత మాత్రమున చాలదు. రోగి పెదవుల రంగు, ముఖమునందలి ఆయాసము, కాళ్ల చల్లదనము నర్సు స్వయముగా చూడవలెను.

విద్యార్థులారా, మీ యింట పెద్దలెవరైన జబ్బుపడినప్పుడు, వారికి తెలియనీయక ఒక నిమిషము వారి ఊపిరిని లెక్కింపుడు. పిదప మణికట్టు పట్టి నాడిని లెక్కింపుడు. విశ్రాంతిగానున్న పెద్దవారికి ఊపిరి నిమిషమునకు 12 మొదలు 20 వరకు, నాడి 60 మొదలు 100 వరకు నుండును. ఊపిరి 30కి మించినను, పెదవులు నీలమైనను తెల్లవారువరకు ఆగక వైద్యశాలకు కొనిపోవలెను. రెండు లెక్కలును వ్రాసికొని వైద్యునికి చూపుడు. లారీగారి జీవితము సగము తన సత్యముచేతను, సగము తన పొరపాటుచేతను మనకు నేర్పునది ఇదియే.